తూర్పు బెంగళూరులో ఒక పిల్లల రగ్బీ అకాడమీ: పద్నాలుగేళ్ల దాకా నిశ్చింతగా పంపొచ్చు, చిక్కంతా ఆపైనే

2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్ జరిగింది. హైదరాబాద్ హీరోస్, బెంగళూరు బ్రేవ్‌హార్ట్స్, చెన్నై బుల్స్ అంటూ మనకు తెలిసిన ఊళ్ల పేర్లు వినిపిస్తే పిల్లలకు హుషారు రాకుండా ఉంటుందా? వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపూర్ రోడ్డు వైపు ఉండే తెలుగు ఇళ్లలో అమ్మానాన్నలు అడిగేది మాత్రం ఒకటే: "దెబ్బలు తగలవా?" తగులుతాయి. ఎక్కడ, ఎందుకు తగులుతాయో తెలిసిన కోచ్ దగ్గర తక్కువ తగులుతాయి. అలాంటి కోచ్‌లున్న చోటు ఇది. అకాడమీ పేరు రాయడం లేదు. ఇందులో చెప్పే లోటు వీళ్లొక్కరి తప్పు కాదు, పేరు పెట్టి రాస్తే వీళ్ల నెత్తినే పడుతుంది.

శని, ఆదివారాల్లో పొద్దున్నే, ఒక స్కూల్ గ్రౌండ్ అద్దెకు తీసుకుని నడుపుతారు. ఎనిమిదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా నాలుగు గుంపులు. రగ్బీలో యూనియన్, లీగ్ అని రెండు వేర్వేరు ఆటలున్నాయి. మన దేశంలో రగ్బీ అంటే ఆటను నడిపే సంఘం రగ్బీ ఇండియా కింద ఆడే యూనియన్, అందులోనూ ముఖ్యంగా ఏడుగురు ఆడే సెవెన్స్. పదమూడు మంది ఆడే లీగ్ వేరే ఆట, పైన చెప్పిన ప్రీమియర్ లీగ్ పేరులోని 'లీగ్' అది కాదు. ఇక్కడి విశేషం ఏమిటంటే, పన్నెండేళ్ల లోపు పిల్లలకు లీగ్ పద్ధతిలోనే ఆడిస్తారు. బంతి ఉన్న జట్టుకు ఆరు అవకాశాలు. తాకించుకున్న పిల్లాడు నిలబడి, బంతి కింద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు. ఎదుటి జట్టు వెనక్కి తగ్గుతుంది. ఆరోసారి దొరికితే బంతి అవతలి వాళ్లది.

ఇది సరైన నిర్ణయం. యూనియన్‌లో పడిపోయిన ఆటగాడి మీద బంతి కోసం పోటీ మొదలవుతుంది, ఒకరి మీద ఒకరు ఒరుగుతారు. తొమ్మిదేళ్ల పిల్లలకు ఆ కుప్పలో ఎవరు ఎక్కడ నిలబడాలో అర్థం కాదు, మెడ మీద బరువు పడేదీ అక్కడే. లీగ్ పద్ధతిలో ఆ కుప్ప ఉండదు. ప్రతి పిల్లాడికీ బంతి అందుతుంది, ఎదురుగా ఖాళీ ఎక్కడుందో చూడటం అలవాటవుతుంది. పదమూడో ఏట యూనియన్ నియమాలు నేర్పితే ఆ చూపు ఎక్కడికీ పోదు.

చిన్న గుంపుకు ట్యాగ్ బెల్ట్‌తోనే ఆట. నడుముకు చెరో పక్కన ఒక పట్టీ, అది పీకితే ట్యాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి ఆపడం, అయినట్టు. చొక్కా లోపలికి దోపుకున్నాడా, బెల్ట్ మిగులు కొస మడిచాడా అన్నది కోచ్‌లు ప్రతి పిల్లాడి దగ్గరా చూస్తారు. వేలాడే కొసలో వేలు ఇరుక్కుంటే బెణుకుతుంది.

బంతి విషయంలోనూ పద్ధతిగా ఉన్నారు. తొమ్మిదేళ్ల దాకా సైజ్ 3, పది నుంచి పద్నాలుగు దాకా సైజ్ 4, ఆపైన సైజ్ 5. పెద్ద బంతి 410 నుంచి 460 గ్రాములుంటుంది, పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు. 'ఎలాగూ ఎదుగుతాడు కదా' అని స్కూల్ బూట్లు కొన్నట్టు పెద్ద సైజ్ కొనకండి. వేళ్లు చుట్టూ అందవు కాబట్టి పిల్లాడు బంతిని పొట్టకు హత్తుకుంటాడు, అరచేతులతో నెడతాడు. ఆ అలవాటు మాన్పించడానికి తర్వాత చాలా కాలం పడుతుంది. గాలి ఎక్కించేటప్పుడు సూదిని తడిపి పెట్టాలి. పొడిగా గుచ్చితే వాల్వ్ రబ్బరు చీలి, వారానికోసారి బంతి మెత్తబడుతుంది. ఈ చిన్న పని కూడా ఇక్కడ పిల్లల చేతే చేయిస్తారు.

ఇక ట్యాకిల్. ఈ అకాడమీకి డబ్బు కట్టడానికి అసలు కారణం ఇదే. నేర్పేది మెట్టు మెట్టుగా. మొదట ఇద్దరూ మోకాళ్ల మీద. తర్వాత ట్యాకిల్ చేసేవాడు ఒక మోకాలి మీద, బంతి ఉన్నవాడు నడుస్తూ. ఆపైన ఇద్దరూ నడుస్తూ, చివరికి మెల్లగా పరిగెడుతూ. పూర్తి వేగం వచ్చేసరికి చాలా వారాలు పడుతుంది, ఒక మెట్టు కుదరని పిల్లాణ్ని తర్వాతి మెట్టుకు పంపరు. పక్క నుంచి వెళ్లి భుజం తొడకు తగిలించినప్పుడు తల అవతలివాడి వెనక వైపు ఉండాలి, చెంప పిరుదుకు ఆనాలి. తల ముందు వైపుకు పోతే పరిగెత్తేవాడి మోకాలు నేరుగా కణతకు తగులుతుంది. గడ్డం ఛాతీకి ఆనకూడదు. ఆనిందంటే చూపు నేల మీదికి పోయి, మెడ వంగి, నడినెత్తి ముందుకొస్తుంది. మెడకు పెద్ద ప్రమాదం అక్కడే. దగ్గరి పాదం అవతలివాడి పాదాల దాకా చేరాలి. అడుగు దూరంలో ఆగిపోతే చేతులు చాచాల్సి వస్తుంది, చాచిన చేతి మీద బరువు పడితే భుజం కీలు జారుతుంది. అందుకే కోచ్ పిల్లాడి చేతులకన్నా పాదాలనే ఎక్కువ గమనిస్తాడు. "కళ్లు మూయకు నాన్నా, నిక్కరు మీదే చూపు పెట్టు" అని ఒక తెలుగు కోచ్ పదే పదే అనే మాటలో సగం పాఠం ఉంది. భయపడ్డ పిల్లాడు తాకే క్షణంలో కళ్లు మూస్తాడు, తప్పులన్నీ ఆ తర్వాత వరసగా వస్తాయి.

మన పిల్లల్లో కబడ్డీ ఆడి వచ్చేవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. పట్టు గట్టిగా ఉంటుంది, వంగి నిలబడటం వచ్చు, దెబ్బకు జంకరు. కానీ మడమ పట్టు అలవాటైన పిల్లాడు రగ్బీలోనూ పాదాలకే దూకుతాడు. కబడ్డీ రైడర్ దాదాపు నిలబడ్డ చోటు నుంచే గుంజుకుంటాడు. రగ్బీలో ఎదుటివాడు పూర్తి వేగంతో వస్తాడు, కాబట్టి పాదాలకు దూకినవాడి ముఖానికి మోకాలు తగులుతుంది. ఇక్కడి కోచ్‌లు ఈ తేడా కనిపెట్టి, కబడ్డీ పిల్లలకు నడుముకూ మోకాలికీ మధ్య తొడ దగ్గర రంగు పట్టీ కట్టి, దాన్నే లక్ష్యంగా ఇస్తున్నారు. విదేశీ కోచింగ్ పుస్తకాలు చదివినంత మాత్రాన తట్టే ఆలోచన కాదిది. మెచ్చుకోవాలి.

గ్రౌండ్ మాత్రం అంతంత మాత్రమే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎర్రమట్టి గట్టిపడి మోచేతులు గీరుకుపోతాయి. ముందురోజు సాయంత్రం నీళ్లు కొట్టించాలి, లేదా ట్యాకిల్ చాప మీదే చేయించాలి. వీళ్లు చాపలు వాడతారు గానీ పెద్ద గుంపుకు అవి సరిపోవు. వానాకాలంలో గ్రౌండ్ దొరకనప్పుడు దగ్గర్లోని ఫుట్‌బాల్ టర్ఫ్‌కు మారుస్తారు. ఆ వలల మధ్య పాసింగ్, ట్యాగ్ ఆడించొచ్చు. ట్యాకిల్ వద్దు. ప్లాస్టిక్ గడ్డి మీద జారితే చర్మం కాలినట్టు లేస్తుంది, పక్క వల స్తంభాలు మరీ దగ్గర. ఈ మాట కోచ్‌లూ ఒప్పుకుంటారు, ఆ రోజుల్లో ట్యాకిల్ చేయించరు కూడా.

తలకు దెబ్బ తగిలితే ఏం చేస్తారన్నది ఏ అకాడమీలోనైనా మొదట అడగాల్సిన ప్రశ్న. ఇక్కడ అనుమానం వచ్చినా పిల్లాణ్ని పక్కన కూర్చోబెడతారు, ఆ రోజు మళ్లీ దించరు. పదే పదే వాంతి, పెరిగే తలనొప్పి, మత్తు, మెడ నొప్పి, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆసుపత్రికే. బ్రిటన్‌లో 2023లో సాధారణ స్థాయి క్రీడలన్నిటికీ కలిపి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పోటీకి తిరిగి రావడానికి కనీసం 21 రోజులు. అది కూడా తాకిడి ఉన్న సాధనకు దిగేముందు 14 రోజులు ఏ లక్షణమూ లేకుండా గడిచి ఉంటేనే. వీళ్లు దాన్నే పాటిస్తున్నారు. టోర్నమెంట్ దగ్గర పడిందని "బానే ఉన్నాడండీ, ఆడనివ్వండి" అనే నాన్నలకు కూడా వద్దనే చెబుతారు. మెత్తటి హెడ్‌గార్డ్ కొనిస్తే సరిపోతుందని అనుకోవద్దు. చెవులకు గాట్లు పడకుండా ఆపుతుంది గానీ, లోపల మెదడు కదలకుండా అది ఆపలేదు.

మౌత్‌గార్డ్ తప్పనిసరి. వేడినీళ్లలో ముంచి కొరికే రకం చాలు. ప్యాకెట్ మీద రాసిన సెకన్ల కన్నా ఎక్కువ ఉంచితే ముడుచుకుపోతుంది. కొరికాక పెదవులు మూసి, వేళ్లతో బయటి నుంచి చిగుళ్ల వైపు నొక్కి, తర్వాత చల్లటి నీళ్లలో ముంచాలి. నోరు తెరిచినా ఊడిపడకపోతే కుదిరినట్టు. పళ్లకు తీగలు కట్టించుకున్న పిల్లలకు ఇది పనికిరాదు, డెంటిస్ట్ దగ్గర చేయించాలి. పాలపళ్లు ఊడే వయసులో ప్రతి కొన్ని నెలలకూ కొత్తది కావాలి.

ఎంపిక విషయంలో వీళ్ల ఓపిక నాకు బాగా నచ్చింది. వయసు లెక్క జనవరి 1 నుంచి అయితే, జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే గుంపులో ఆడతారు. పన్నెండేళ్ల వయసులో ఆ పదకొండు నెలలు చాలా పెద్ద తేడా. దానికి తోడు ఒకడికి మీసం మొలుస్తుంది, ఇంకొకడు ఇంకా పిల్లాడే. పెద్దవాణ్ని ఏరుకుంటే ఈ ఏడాది కప్పు వస్తుంది. ఒళ్లు చూసుకుని గుద్దుకుంటూ పోవడమే నేర్చుకున్న ఆ పిల్లాడు, మిగతావాళ్లు ఎదిగాక పదహారో ఏట చతికిలపడతాడు. ఈలోగా చిన్నగా ఉన్నాడని పక్కన పెట్టినవాడు ఆట మానేసి ఉంటాడు. ఇక్కడ పదమూడు దాటేదాకా 'ఎ' టీమ్, 'బి' టీమ్ అన్న విభజన లేదు. ప్రతి పిల్లాడూ మ్యాచ్‌లో కనీసం సగం ఆడతాడు. మూడు నెలలకోసారి ఎత్తు కొలుస్తారు, నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి. కాళ్లు ఉన్నట్టుండి పొడవైన పిల్లలకు గెంతులు, వేగం తగ్గిస్తారు. ఆ దశలో మోకాలి చిప్ప కింద, మడమ వెనక వచ్చే నొప్పిని బద్ధకమని తిట్టకూడదు. ఎముక కొసలు ఇంకా గట్టిపడలేదని అర్థం.

ఇంత బాగా పెంచిన పిల్లాడికి పదిహేనేళ్లు వచ్చాక దారేది? ఈ చిక్కు తెలియాలంటే వేల్స్ వైపు చూడాలి. బ్రిటన్‌లో భాగమైన, ప్రతిభకు లోటు లేని చిన్న దేశం అది. లీగ్‌లో వేల్స్ తొలి అంతర్జాతీయ మ్యాచ్ 1908 జనవరి 1న అబర్‌డేర్‌లో జరిగింది, న్యూజిలాండ్ మీద 9-8తో గెలిచారు. కార్డిఫ్ రేవు వాడలో పుట్టిన బిల్లీ బోస్టన్ కెరీర్‌లో 571 ట్రైలు (బంతిని ఎదుటి జట్టు గీత దాటించి నేలకు తాకిస్తే వచ్చే స్కోరు) చేశాడు. అదే ఊరి క్లైవ్ సలివన్ 1972లో గ్రేట్ బ్రిటన్‌కు కెప్టెన్‌గా ప్రపంచ కప్ గెలిపించాడు. ఇద్దరూ ఎదిగింది సొంత ఊళ్లో కాదు. ఒకరు విగన్, ఒకరు హల్, ఉత్తర ఇంగ్లండ్‌కు వెళ్లి పేరు తెచ్చుకున్నారు. మరో కార్డిఫ్ ఆటగాడు గస్ రిస్మన్‌తో కలిపి ఆ ఇద్దరికీ కార్డిఫ్ బేలో విగ్రహం పెట్టింది 2023లో.

ఇంటి దగ్గర పై మెట్టు ఉంటే ఏమవుతుందో కూడా అక్కడే కనిపించింది. వేల్స్‌లోని బ్రిడ్జెండ్‌లో మొదలైన క్రూసేడర్స్ జట్టు 2009 నుంచి 2011 దాకా లీగ్ ఆటలో పై స్థాయి పోటీ అయిన సూపర్ లీగ్‌లో ఆడింది. మూడే సీజన్లు, మధ్యలో ఉత్తర వేల్స్‌లోని రెక్సమ్‌కు మారింది కూడా. అయినా బెన్ ఫ్లవర్, గిల్ డడ్సన్, ఎలియట్ కియర్ లాంటి వేల్స్ కుర్రాళ్లు ఆ జట్టు నుంచే పైకొచ్చారు. జట్టు పోయాక మళ్లీ పాత దారే. వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్ కుర్రాడు రీగన్ గ్రేస్ ఇంగ్లండ్ క్లబ్ సెయింట్ హెలెన్స్‌కు వెళ్లి, 2017లో అక్కడ మొదటి జట్టుకు ఆడాడు. ఇంగ్లండ్ క్లబ్బుల్లో మెట్లు స్పష్టంగా ఉంటాయి. పద్నాలుగు దాటాక స్కాలర్‌షిప్ దశ, పదహారు దాటాక అకాడమీ, తర్వాత రిజర్వ్ జట్టు, ఆపైన మొదటి జట్టు. వేల్స్ పిల్లాడికి ఆ మెట్లున్నాయి గానీ, ఎక్కాలంటే ఇల్లు వదలాలి.

మన అకాడమీలో పదిహేను దాటిన గుంపు సరిగ్గా అక్కడే ఆగింది. వారానికి రెండు పూటల సాధన ఆ వయసుకు చాలదు. బరువులెత్తడం నేర్పే మనిషి లేడు. ఏడాదిలో ఆడే మ్యాచ్‌లు చాలా తక్కువ, ఎదుట ఎప్పుడూ అవే జట్లు. రాష్ట్ర జట్టు ట్రయల్స్ సంగతి కొందరు తల్లిదండ్రులకు వాట్సాప్‌లో చివరి నిమిషంలో తెలుస్తోంది. పదో తరగతి ట్యూషన్లు అదే ఏడాది మొదలవుతాయి కాబట్టి పిల్లలు రాలిపోవడం మామూలైంది. దీన్ని తల్లిదండ్రుల ఆసక్తి లోపంగా కోచ్‌లు మాట్లాడటం సరికాదు. పై మెట్టు కనిపించకపోతే ఏ అమ్మైనా ట్యూషన్‌కే పంపుతుంది. ట్రయల్స్ తేదీలు తెలిసిన వెంటనే గ్రౌండ్ దగ్గర నోటీసు పెట్టడం, ఊళ్లోని పెద్దల క్లబ్‌తో మాట్లాడుకుని పదహారేళ్ల వాళ్లను వాళ్ల సాధనకు పంపడం, వారం మధ్యలో ఒక సాయంత్రం కలపడం, ఈ మూడూ పెద్ద ఖర్చు లేకుండా అయ్యే పనులే. ఇంత బాగా ట్యాకిల్ నేర్పినవాళ్లు ఇవి చేయలేరని అనుకోను.

ఆడపిల్లల గుంపు గురించి ఒక మాట. పన్నెండు దాకా అందరూ కలిసే ఆడతారు, తర్వాత వేరు. ఆ వయసు అమ్మాయిలు తక్కువ కావడంతో ట్యాకిల్‌కు సరిజోడు దొరకడం కష్టంగా ఉంది. మీ అమ్మాయిని చేర్పించాలనుకుంటే ఆ ఈడు పిల్లలు ఎంతమంది వస్తున్నారో ముందు కనుక్కోండి. మహిళా కోచ్ ఉన్నారు, పొద్దున్న పూట ప్రతి సాధనకూ వస్తున్నారు.

ఫీజు మూడు నెలలకోసారి. బెల్ట్, బంతి వాళ్లవే. మౌత్‌గార్డ్, బూట్లు, టోర్నమెంట్ ప్రయాణం మనవి. వాన వల్ల రద్దయిన సాధనకు బదులు ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకోండి, నోటిమాటగా వదిలేస్తే తర్వాత వాదన అవుతుంది. చేర్పించే ముందు ఒక ఆదివారం ఉచితంగా చూడనిస్తారు. ఆ రోజు చిన్న గుంపు దగ్గర కాకుండా పదకొండు, పన్నెండేళ్ల గుంపు దగ్గర నిలబడండి, ట్యాకిల్ మెట్లు అక్కడే కనిపిస్తాయి. అచ్చు రబ్బరు స్టడ్‌లున్న ఫుట్‌బాల్ బూట్లు సరిపోతాయి, కొత్తవి కొనక్కర్లేదు. గోళ్లు కత్తిరించి, మెడలో గొలుసు, చేతికి కడియం తీసేసి పంపండి. లేకపోతే గేటు దగ్గరే తీయించి మీ చేతికిస్తారు.