వైస్ ఎమ్యులేటర్: కొన్నేళ్లు వాడాక, కొత్తగా మొదలుపెట్టేవారికి నాలుగు మాటలు

పాత హోమ్ కంప్యూటర్లను పీసీలో నడిపి చూద్దామని సరదాపడేవాళ్లలో చాలామంది మొదటి రోజే వదిలేస్తారు. ఎమ్యులేటర్ (పాత యంత్రంలా నడిచే ప్రోగ్రాం) దిగుతుంది, తెరుచుకుంటుంది, నీలం తెర మీద 38911 బైట్లు ఖాళీ అని ఒక లైను, దాని కింద ‘రెడీ’ అని ఇంకో లైను వస్తాయి. ఆ కింద కర్సర్ మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఇక్కణ్ణుంచి ఏం చెయ్యాలో చెప్పే నాథుడు ఉండడు. ఆ కర్సర్ దగ్గర ఆగిపోయినవాళ్లను మనసులో పెట్టుకునే ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను వాడేది వైస్ అనే ఎమ్యులేటర్. ప్రధానంగా కమడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్ కోసం. కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి మొదటి వారం మోజూ తగ్గింది, మొదటి నెల చిరాకూ తగ్గింది. ఒక్క ముక్కలో చెప్పాలంటే వైస్ మీకు ఆటలు పెట్టి ఇవ్వదు, 1982 నాటి యంత్రాన్ని పెట్టి ఇస్తుంది. ఆ యంత్రానికి ఉన్న సుగుణాలూ వస్తాయి, మొండితనమూ వస్తుంది. ఇది తెలిసి మొదలుపెడితే హాయిగా ఉంటుంది, తెలియకపోతే ప్రతిదీ వైస్ తప్పులాగే కనిపిస్తుంది.

ముందు ఇన్‌స్టలేషన్ సంగతి. వైస్ ఉచితం, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వస్తుంది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. జిప్ విప్పి బిన్ ఫోల్డర్‌లోకి వెళ్తే బోలెడు ఫైళ్లు కనిపిస్తాయి. ఒక్కో యంత్రానికి ఒక్కో ప్రోగ్రాం అన్నమాట: విక్-20కి ఒకటి, పెట్‌కి ఒకటి, ప్లస్/4కి ఒకటి, కమడోర్ 128కి ఒకటి. మీకు కావలసింది కమడోర్ 64 ప్రోగ్రాం, ఎక్స్64ఎస్‌సి (x64sc). మిగతావాటిని ప్రస్తుతానికి ముట్టుకోవద్దు. విండోస్ జిప్‌లో రోమ్ ఫైళ్లు (పాత యంత్రం చిప్పుల్లో ఉండే సాఫ్ట్‌వేర్ నకళ్లు) కలిసే వస్తాయి. లినక్స్‌లో డెబియన్ ప్యాకేజీగా వేసుకుంటే మాత్రం అవి రావు, ప్రోగ్రాం తెరుచుకోకుండానే కెర్నల్ రోమ్ దొరకలేదని మూతపడుతుంది. వైస్ సోర్స్ ప్యాకేజీలో ఆ ఫైళ్లుంటాయి. అక్కణ్ణుంచి సీ64, డ్రైవ్స్ ఫోల్డర్లు తెచ్చి వైస్ వెతికే చోట పెట్టుకుంటే సరిపోతుంది.

‘అన్ని యంత్రాలనూ ఒకేచోట నడిపే రెట్రోఆర్క్ లాంటివి ఉన్నాయి కదా’ అని మీరు అడగవచ్చు. ఉన్నాయి, వాడాను కూడా. అందులోనూ కమడోర్ 64 వెనక పనిచేసేది వైస్ ఇంజినే. కానీ కీబోర్డు విషయంలో పేచీ వస్తుంది. రెట్రోఆర్క్‌కి సొంత షార్ట్‌కట్ కీలు ఉన్నాయి, కమడోర్‌కి మొత్తం కీబోర్డూ కావాలి. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చోబోయినట్టు ఉంటుంది. గేమ్ ఫోకస్ అనే మోడ్ పెడితే సర్దుకుంటుంది గానీ, అది ఉందని కొత్తవారికి ఎలా తెలుస్తుంది? గేమ్ కన్సోళ్లకైతే అలాంటివి బాగుంటాయి. కీబోర్డు ఉన్న కంప్యూటర్‌కి దానికోసమే తయారైన ఎమ్యులేటర్ వాడటమే నయం.

ఇక కీబోర్డు. కొత్తవారి కష్టాల్లో సగం ఇక్కడే. వైస్‌లో రెండు పద్ధతులున్నాయి: సింబాలిక్, పొజిషనల్. సింబాలిక్‌లో మీ పీసీ కీ మీద ఏ గుర్తు ఉంటే తెర మీద అదే పడుతుంది. పొజిషనల్‌లో ఆ కీ ఉన్న చోట కమడోర్ కీబోర్డులో ఏముందో అది పడుతుంది. ఉదాహరణకి కొటేషన్ గుర్తు కమడోర్‌లో షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే వస్తుంది. పొజిషనల్‌లో మీరూ అలాగే నొక్కాలి. మొదట్లో సింబాలిక్‌లోనే ఉంచండి, టైపింగ్ సులువు. పాత మాన్యువల్ పక్కన పెట్టుకుని అందులో చెప్పినట్టు నొక్కాలనుకున్న రోజున పొజిషనల్‌కి మారవచ్చు. నేను మారాను, ఇప్పుడు అదే అలవాటైపోయింది. పీసీలో లేని కీలు కొన్ని ఉన్నాయి. రన్/స్టాప్ అంటే ఎస్కేప్, రీస్టోర్ అంటే పేజ్ అప్. ఈ రెండూ కలిపి నొక్కితే బేసిక్ (ఈ యంత్రంలోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాం ఎక్కడ ఇరుక్కున్నా తిరిగి ‘రెడీ’ దగ్గరికి వస్తుంది. వేరే ఏదీ గుర్తుండకపోయినా ఈ జంటను గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆ కర్సర్ దగ్గరికి వద్దాం. ఒక డిస్క్ ఇమేజ్, అంటే డి64 ఫైలు, ఫైల్ మెనూలోంచి ఎనిమిదో డ్రైవ్‌కి తగిలించారనుకోండి. తగిలించడం వేరు, లోడ్ చెయ్యడం వేరు. తగిలించగానే తెర మీద ఏమీ జరగదు, ఎందుకంటే అసలు యంత్రంలో కూడా డ్రైవ్‌లో ఫ్లాపీ దూర్చితే ఏమీ జరిగేది కాదు. లోడ్"*",8,1 అని టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. ఇక్కడ 8 డ్రైవ్ నంబరు. అది రాయకపోతే యంత్రం క్యాసెట్ అడుగుతున్నారనుకుని, టేప్ ప్లే బటన్ నొక్కమంటుంది. ఆ మాట కనిపించిందంటే మీరు 8 మర్చిపోయారనే అర్థం. చివరి 1 ఎందుకంటే, ఫైలు తన సొంత చిరునామాలో మెమరీలోకి వెళ్లడానికి. అది లేకపోతే ప్రతి ఫైలూ బేసిక్ మొదలయ్యే 2049 దగ్గరికే వెళ్తుంది. మెషిన్ కోడ్ ప్రోగ్రాములు చాలావరకు అక్కడ పనిచెయ్యవు.

డిస్క్‌లో ఏమున్నాయో చూడాలంటే లోడ్"$",8 కొట్టి, తర్వాత లిస్ట్ కొట్టాలి. తమాషా ఏమిటంటే ఆ జాబితా కూడా ఒక బేసిక్ ప్రోగ్రాంలాగే మెమరీలోకి వస్తుంది. అప్పటిదాకా మీరు టైప్ చేసుకున్న ప్రోగ్రాం ఏదైనా ఉంటే గల్లంతే. అందుకని ముందు సేవ్ చేసుకోవాలి. జాబితా వచ్చాక పేరు మళ్లీ టైప్ చెయ్యనక్కర్లేదు. కర్సర్‌ని పైకి తీసుకెళ్లి, కావలసిన ఫైలు లైను మొదట్లో ఉన్న అంకెల మీదే లోడ్ అని రాసి, పేరు పక్కన కొటేషన్ ముగిశాక ,8,1: అని పెట్టి ఎంటర్ కొడితే చాలు. తెర మీద కనిపించే ఏ లైను దగ్గర ఎంటర్ కొట్టినా ఆ లైను కమాండ్‌గా వెళ్తుంది. ఇది పట్టుబడిన రోజున ఆ నీలం తెర మీకు వశమైనట్టే.

ఇదంతా అక్కర్లేదు, ఆట మొదలైతే చాలంటారా? స్మార్ట్ అటాచ్‌లోకి వెళ్లి ఫైలు ఎంచుకుని ఆటోస్టార్ట్ నొక్కండి. టైపింగంతా వైసే చేసుకుంటుంది, లోడయ్యేటప్పుడు వేగం కూడా పెంచుకుంటుంది. అయినా ఒక్కసారైనా అసలు వేగంతో లోడ్ చేసి చూడమని నా సలహా. 1541 అనే కమడోర్ ఫ్లాపీ డ్రైవ్ సెకనుకు సుమారు 400 బైట్లే పంపేది. 40 కిలోబైట్ల ఆట రావడానికి నిమిషంన్నర దాటుతుంది. నాటి ఆటల్లో ఫాస్ట్‌లోడర్లు, అంటే లోడింగ్ వేగం పెంచే చిన్న ప్రోగ్రాములు, ఎందుకు పుట్టాయో అప్పుడు బోధపడుతుంది.

ఆ ఫాస్ట్‌లోడర్లే ఇంకో చిక్కుకి మూలం. 1541 ఉత్త డ్రైవ్ కాదు, దానిలో సొంత 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి. ఫాస్ట్‌లోడర్ చేసే పనల్లా తన కోడ్ కొంత డ్రైవ్‌లోకి పంపి అక్కడ నడిపించడమే. వైస్‌లో ట్రూ డ్రైవ్ ఎమ్యులేషన్ ఆన్‌లో ఉంటే ఆ రెండో కంప్యూటర్ కూడా నిజంగా నడుస్తుంది. ఆఫ్ చేస్తే మామూలు ఫైళ్లు చిటికెలో వస్తాయి గానీ, ఇలాంటి ఆటలు మధ్యలో బిగుసుకుపోతాయి. వేగం కోసం దాన్ని ఆఫ్ చెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. వేగం కావాలంటే ఆల్ట్ పట్టుకుని డబ్ల్యూ నొక్కితే వార్ప్ మోడ్ (యంత్రం మొత్తాన్నీ వీలైనంత వేగంగా నడిపేది) వస్తుంది, అదే నికార్సైన దారి. ట్రూ డ్రైవ్ ఎంత నికార్సంటే, డ్రైవ్ రోమ్ అసలుదే కాబట్టి దానిలోని పాత బగ్గులు కూడా అలాగే ఉన్నాయి. పాత ఫైలు మీద అదే పేరుతో రాసే "@0:" పద్ధతి అప్పట్లోనే డిస్కులు పాడుచేస్తుందని పేరుమోసింది. ఇక్కడ కూడా వాడకపోవడం మంచిది.

డి64 ఫైలు సైజు మామూలుగా 1,74,848 బైట్లు, అంటే 256 బైట్ల సెక్టార్లు 683. పీసీలో అదొక లెక్కలోకి రాని ఫైలు, అందుకే బద్ధకించకుండా ప్రతి డిస్క్‌కీ నకలు తీసిపెట్టుకోండి. చాలా ఆటలు స్కోర్లనీ, సేవ్‌లనీ అదే డిస్క్ మీద రాస్తాయి.

జాయ్‌స్టిక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. యూఎస్‌బీ ప్యాడ్ ఉంటే అది, లేకపోతే నంబర్‌ప్యాడ్, అదీ లేని ల్యాప్‌టాప్ అయితే కీసెట్‌లో మీకు నచ్చిన కీలు. ఆట కదలకపోతే ముందు పోర్ట్ మార్చి చూడండి. ఎక్కువ ఆటలు రెండో పోర్ట్‌నే చూస్తాయి. మొదటి పోర్ట్‌ జాయ్‌స్టిక్‌కీ కీబోర్డుకీ లోపల తీగలు ఉమ్మడి. అందుకే ఆ పోర్ట్‌లో జాయ్‌స్టిక్ కదిపితే బేసిక్ తెర మీద పిచ్చి అక్షరాలు పడతాయి. అది వైస్ లోపం కాదు.

శబ్దం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. కమడోర్ 64లో సిడ్ అనే సౌండ్ చిప్ రెండు రకాలు వచ్చింది, 6581, 8580. రెండింటి ఫిల్టర్లు ఒకలా వినిపించవు. పాత ఆటల్లో మాటలూ డ్రమ్ములూ వాల్యూమ్ రిజిస్టర్‌ని గబగబా మార్చి పలికించేవారు. 8580లో ఆ శబ్దం దాదాపు వినిపించదు. పాట వస్తోంది గానీ మాట రావట్లేదంటే సెట్టింగుల్లో చిప్ మార్చి చూడండి. ఎనభైల తొలి సగంలోని ఆటలకి 6581, ఈ మధ్య కొత్తగా తయారవుతున్న వాటికి రచయిత చెప్పిన చిప్. ఔను, ఈ యంత్రానికి ఇప్పటికీ కొత్త ఆటలు రాస్తున్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే పాటని రెండు చిప్పుల్లోనూ వినడం నాకు ఇప్పటికీ విసుగు పుట్టని పని.

పాల్ (యూరప్ టీవీ పద్ధతి), ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) తేడా కూడా అలాంటిదే. పాల్ యంత్రం సెకనుకు 50.125 ఫ్రేములు గీస్తుంది. యూరప్‌లో తయారైన ఆటని ఎన్‌టీఎస్‌సీలో పెడితే పాట పరుగెడుతుంది, కొన్నిసార్లు తెర చెదురుతుంది. పాల్‌లోనే పెడితే ఇంకో తంటా: మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే పక్కకి జరిగే దృశ్యాల్లో చిన్న కుదుపు కనిపిస్తుంది. ఏ సెట్టింగ్ మార్చినా అది పూర్తిగా పోదు. మానిటర్‌ని 50 హెర్ట్జ్‌లో పెట్టగలిగితే దాదాపు పోతుంది, వేరియబుల్ రిఫ్రెష్ (ఫ్రేముల వేగానికి తగ్గట్టు తనే మారడం) ఉన్న మానిటరైతే ఇంకా మేలు.

నాకున్న ఫిర్యాదులు చెప్పాలి కదా. సెట్టింగుల విండో ఒక మహారణ్యం. కొత్తవారికి కావలసిన అయిదారు విషయాలూ ఎప్పుడూ ఎవరూ ముట్టుకోని యాభై విషయాల మధ్య నక్కి ఉంటాయి. మార్చిన సెట్టింగులు వాటంతటవి సేవ్ కావు. బయటికి వచ్చేటప్పుడు సేవ్ చెయ్యమనే టిక్‌ని మీరే పెట్టుకోవాలి. అందుకే మొట్టమొదట పెట్టాల్సిన టిక్ అదే. ఇక పేస్ట్ చెయ్యడం: బేసిక్ ప్రోగ్రాంని పీసీ ఎడిటర్‌లో రాసుకుని ఎడిట్ మెనూలోంచి పేస్ట్ చెయ్యవచ్చు, కానీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాయాలి. పెద్ద అక్షరాల్లో రాస్తే తెరంతా ముగ్గుల్లాంటి గుర్తులు పడతాయి. దీనికి కారణం ఉంది, కానీ ఎక్కడా ఒక్క హెచ్చరికైనా ఉండదు.

కమడోర్ మీద ప్రత్యేకంగా ప్రేమ లేదు, ఏదో ఒక పాత కంప్యూటర్‌తో మొదలుపెడితే చాలనుకుంటే, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంకో ఎనభైల నాటి కంప్యూటర్‌కి ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్ దీనికన్నా సాదాగా ఉంటుంది. రోమ్‌ల బెంగ లేదు, వాటిని ఎమ్యులేటర్లతో పంచడానికి హక్కులు కొన్న ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ ఎప్పుడో అనుమతి ఇచ్చింది. టేప్ ఫైలు తెరిస్తే ఆట మొదలవుతుంది. బేసిక్ రాయాలనుకుంటేనే అసలు పరీక్ష: 48కే స్పెక్ట్రమ్‌లో అక్షరాలు కూర్చి కమాండ్ రాయడం ఉండదు, ఒక్క జె నొక్కితే లోడ్ అనే మాట మొత్తం పడుతుంది. కమడోర్ వాళ్ల తర్వాతి కంప్యూటర్ అమిగాతో మొదలుపెట్టమని మాత్రం చెప్పను. అది మొదలవ్వడానికి కావలసిన కిక్‌స్టార్ట్ రోమ్ విడిగా, సక్రమంగా సంపాదించుకోవాలి. సెట్టింగులూ ఇంకా ఎక్కువ.

వైస్‌తోనే ఉండేవారికి ఇంకొక్క మాట. నడుస్తున్న ఆటని ఉన్నదున్నట్టు దాచే స్నాప్‌షాట్ సదుపాయం భలే ఉంటుంది, అలవాటు పడిపోతారు. కానీ ఒక వెర్షన్‌లో తీసిన స్నాప్‌షాట్ తర్వాతి వెర్షన్‌లో తెరుచుకుంటుందన్న పూచీ లేదు. దాచుకోదగ్గ ఆటని దాని సొంత సేవ్‌తో డిస్క్ ఇమేజ్ మీదే దాచండి. వైస్ కొత్త వెర్షన్‌ని వేరే ఫోల్డర్‌లో విప్పుకుని, సగంలో ఉన్న ఆటలు అయిపోయేదాకా పాత ఫోల్డర్‌ని అలాగే ఉంచుకోండి.