రెండేళ్లుగా మా మంచం పక్కనున్న అమెరికా అలారం గడియారం

మేముండేది బల్లార్‌పూర్‌లో. మా ఆయనది షిఫ్ట్ డ్యూటీ, ‘ఎ’ షిఫ్ట్, అంటే పొద్దుటి షిఫ్ట్ పడితే ఆరింటికల్లా గేటు దగ్గరుండాలి, అంటే నేను నాలుగుంపావుకి లేస్తేనే డబ్బా తయారవుతుంది. అందుకని 2023 డిసెంబరులో మా ఆడపడుచు డల్లాస్ నుంచి వస్తూ ఈ గడియారం తెచ్చింది. "వదినా, దీనికేం తిప్పక్కర్లేదు, ప్లగ్గు పెడితే చాలు, టైమ్ అదే చూపిస్తుంది" అంది. చూపించింది. రాత్రి ఎనిమిదింటికి ప్లగ్గు పెడితే పొద్దున తొమ్మిదిన్నర అని చూపించింది! ఫ్యాక్టరీలోనే న్యూయార్క్ టైమ్ పెట్టి, లోపల బిళ్ల బ్యాటరీ వేసి పంపుతారట. పోనీ దేశం మార్చుకుందామంటే ఉన్నవన్నీ అమెరికా టైమ్ జోన్లే, అన్నీ గంట గంట తేడావి. మన అరగంట లెక్క అందులో ఎక్కడా లేదు. చివరికి టైమ్ మేమే తిప్పి పెట్టుకున్నాం.

ముందు మంచి చెప్తాను. పైన చిన్న ప్రొజెక్టర్ ఉంది, సీలింగ్ మీద ఎర్రటి అంకెలతో టైమ్ వేస్తుంది. మా అత్తయ్యకి కళ్లజోడు లేకపోతే ఏమీ కనిపించదు, కానీ ఇది మాత్రం పడుకునే చదివేస్తుంది. ఇదివరకు రాత్రి రెండుసార్లైనా "టైమెంతయిందే" అని లేపేది, ఇప్పుడు ఆ బాధ లేదు. ఒక్కటే చిక్కు, ఫ్యాన్ కింద పెడితే అంకెలు రెక్కల మీద పడి టపటపా కొట్టుకుంటాయి, నాలుగో ఏడో తెలియదు. గోడ వారగా జరిపి, ప్రొజెక్టర్ మెడ కాస్త వంచుకున్నాక కుదిరింది. ఫోన్ చార్జింగ్‌కి రంధ్రం ఉంది గానీ ఫోన్ నిండేసరికి తెల్లారిపోతుంది.

రెండు అలారాలు పెట్టుకోవచ్చు, ఒకటి నాకు, ఒకటి మా వాడి స్కూలుకి. ఒక్కో అలారానికి రోజూ మోగాలా, సోమవారం నుంచి శుక్రవారమా, శని ఆదివారాలా అని మూడే దారులు. ఇక్కడ మహారాష్ట్రలో శనివారం స్కూలు పొద్దున్నే ఉంటుంది, మిగతా రోజులకన్నా ముందే లేవాలి. శుక్రవారం దాకా పెడితే అసలు లేవాల్సిన శనివారం నాడు అది నోరు మూసుకుంటుంది, శని ఆదివారాలకి ఇంకొకటి పెడితే ఆదివారం కూడా పిల్లాణ్ని లేపుతుంది. మా ఆయన వీక్లీ ఆఫ్ గురువారం. ఆ గురువారాలు నాలుగుంపావుకి మా ఇంట్లో ఏం మాటలు వినిపిస్తాయో ఇక్కడ రాయలేను.

ఇక మోత. మెల్లగా మొదలై పెరుగుతూ పోతుంది, చలికాలంలో హాయిగానే ఉంటుంది. కానీ మా చంద్రపూర్ జిల్లా ఎండలు తెలుసుగా, మే నెలలో రాత్రంతా కూలర్ తిరగాల్సిందే. ఆ హోరులో ఈ కూనిరాగం ఎవరికి వినపడుతుంది? వినిపించే దాకా పెరిగేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి. స్నూజ్ నొక్కితే మళ్లీ తొమ్మిది నిమిషాలకి మోగుతుంది. 1956లో అమెరికాలో జీఈ టెలిక్రాన్ వాళ్లు మొదటి స్నూజ్ గడియారం తెచ్చినప్పుడు దాదాపు అంతే పెట్టారట, ఇప్పటికీ చాలా గడియారాల్లో అదే లెక్క. ఐదుకో పదికో మార్చుకుందామంటే ఇందులో దారి లేదు.

రేడియో మీద నాకు ఆశ ఉండేది. అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్లు పది కిలోహెర్ట్జ్‌ల ఎడంతో ఉంటాయి, మన దగ్గర తొమ్మిది. ఆకాశవాణి హైదరాబాద్ ఎ కేంద్రం 738 మీద ఉంటే ఇది 730 నుంచి నేరుగా 740కి దూకుతుంది. రాత్రిపూట కాస్త వినిపిస్తుంది, కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టు. కూలర్ వేస్తే అదీ లేదు, ఒకటే గరగర.

గాలివానొస్తే మా వీధిలో ముందు పోయేది కరెంటే. బిళ్ల బ్యాటరీ టైమ్‌ని కాపాడుతుంది, అది ఒప్పుకోవాలి, కరెంటు రాగానే సరైన టైమే వేస్తుంది. కానీ కరెంటు లేనంతసేపూ అలారం మోగదు. ఈ సంగతి పెట్టె మీద ఎక్కడా లేదు.

ఇవన్నీ సర్దుకున్నాం. సర్దుకోలేనిది ఒకటుంది. 2024 మార్చి 10, ఆదివారం, అలారం మోగింది, లేచాను, పప్పు చారు, కూర, చపాతీలు అయిపోయాయి, మా ఆయన సైకిలేసుకుని వెళ్లారు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఏం సాబ్, నిద్ర పట్టలేదా" అన్నాడట. అప్పటికింకా ఐదు కూడా కాలేదు. గడియారం గంట ముందుంది. కరెంటు పోయి వచ్చిందేమో అనుకుని వెనక్కి తిప్పి ఊరుకున్నాం.

నవంబరు 3, మళ్లీ ఆదివారమే, ఆ రోజు భావూబీజ్, ఇక్కడి అన్నాచెల్లెళ్ల పండగ. రాజురాలో ఉండే ఇంకో ఆడపడుచు అన్నకి హారతి ఇవ్వడానికి మధ్యాహ్నం వస్తానంది, అందుకే మా ఆయన అడిగి మరీ ‘ఎ’ షిఫ్ట్ వేయించుకున్నారు. గడియారంలో నాలుగున్నర అవుతుంటే పాలవాడు బెల్లు కొట్టాడు. పండగ కదా, తొందరగా వచ్చాడనుకున్నాను. ఐదింటికి ముగ్గు వేద్దామని తలుపు తీస్తే బయట వెలుగొచ్చేసింది. హాల్లో ఫోన్ చూస్తే ఆరు! ఆయన ఉరుకులు పరుగుల మీద వెళ్లారు గానీ అప్పటికే ఆయన చోట ఇంకొకరిని పెట్టేశారు, రెండింటి షిఫ్ట్‌కి రమ్మన్నారు. ఆ పిల్ల హారతి పళ్లెం పట్టుకుని రాత్రి పదిన్నర దాకా కూర్చుంది.

తర్వాత మా మేనల్లుడు ఫోన్లో చెప్పాడు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారట. ఆ లెక్కంతా దీని లోపల వేసి పెట్టారు, మనం ఎక్కడున్నామో దానికి అనవసరం. ఆపడానికి జోన్ బటన్, టైమ్ బటన్ రెండూ కలిపి పట్టుకుని కాసేపు నొక్కాలి, పుస్తకంలో చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఎవరైనా అక్కడి నుంచి ఇలాంటిది తెప్పించుకుంటే మొట్టమొదట చేయాల్సింది ఇదే. నొక్కాక 2025లో రెండు ఆదివారాలూ గడిచాయి, కదల్లేదు.

అయినా ‘ఎ’ షిఫ్ట్ రోజుల్లో దాన్ని నమ్మను. బజార్లో కొన్న గంట గడియారం, ఒక్క సెల్లు వేసేది, వంటింటి గట్టు మీద స్టీలు పళ్లెంలో పెడతాను, మోగితే కూలర్ హోరులో కూడా వీధి చివర దాకా వినపడుతుంది. అమెరికా గడియారం అత్తయ్య మంచం దగ్గరికి చేరింది. మొన్న డల్లాస్ నుంచి ఫోన్, "గడియారం ఎలా ఉంది వదినా? ఈసారి రాజురా వాళ్లకీ ఒకటి తెస్తాను" అంటోంది. ఏం చెప్పాలో తోచక ఫోన్ అత్తయ్యకి ఇచ్చేశాను.