ఉన్న ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొనేవాళ్ళు జాగ్రత్త: కర్నూలులో మాకు జరిగింది

కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు అవతలి కాలనీల్లో పాత ఇల్లు కొనాలని తిరుగుతున్నవాళ్ళు, ముఖ్యంగా ఉన్న ఇల్లు అమ్మి ఆ డబ్బుతోనే కొనాలనుకునే భార్యాభర్తలు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మేము ఇప్పుడు అద్దె ఇంట్లో ఉన్నాం. సొంత ఇల్లు పోయింది, కొనాలనుకున్నది రాలేదు.

మా ఇల్లు హంద్రీ ఒడ్డుకు దగ్గర, రెండున్నర సెంట్లు. 2009 అక్టోబరు వరదలో దేవుడి గదిలో నీళ్ళు నిలిచిన గీత, ఎన్నిసార్లు రంగు వేయించినా వానాకాలంలో చెమ్మగా మళ్ళీ పైకి తేలేది. తుంగభద్రకు నీళ్ళు వదిలారని టీవీలో వస్తే చాలు, నాకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. ఎత్తు మీదికి పోదామని పట్టుబట్టింది నేనే. మా ఆయన "ముందు కొనేది ఖాయం కానీ, తర్వాత ఇది అమ్ముదాం" అన్నారు. మంచి బేరం వచ్చింది, ఆషాఢం పడితే ఎవరూ కదలరని నేను తొందరపెట్టాను.

38 లక్షలకు మాట్లాడుకుని 5 లక్షలు బయానా తీసుకున్నాం. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయాలి, మేము వెనక్కి పోతే బయానాకు రెట్టింపు ఇవ్వాలని అగ్రిమెంట్.

కొనే ఇల్లు 62 లక్షలు. ఈసీ (ఆ ఇంటిమీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీశాం. ఇల్లు అమ్మేవాళ్ళ నాన్న సంపాదించింది, తల్లి ముందే పోయింది, ఆయన వీలునామా రాయకుండా పోయారు. అన్నదమ్ములిద్దరూ భాగాలు పంచుకుని రిజిస్టర్ చేసుకున్నారు, ఇది పెద్దాయనకు వచ్చింది. "మీకు అక్కచెల్లెళ్ళు లేరా?" అని మా ఆయన అడిగారు. "ఒక చెల్లెలుంది, బళ్ళారికి ఇచ్చినాం. పెళ్ళికి 20 తులాలు పెట్టినాం, ఇంకేం వాటా?" అన్నాడాయన. బ్రోకరు నా వైపు తిరిగి "ఈసీ క్లియర్‌గా ఉందక్కా, ఇంకేం కావాలి?" అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరం ఆ మాటే మాట్లాడుకున్నాం. ఇద్దరికీ అనుమానం ఉంది. కానీ మన ఇంటికి బయానా తీసుకున్నాక మనసు వేరేలా పనిచేస్తుంది. ఇది వదిలేస్తే మూడు నెలల్లో ఇంకోటి ఎక్కడ దొరుకుతుందన్న టెన్షన్‌లో, కళ్ళ ముందున్న లోపాన్ని కూడా చిన్నదే అనుకుంటాం. పొద్దున లేచి ఆ 5 లక్షలకు ఇంకో లక్ష కలిపి కట్టేశాం.

లోను కోసం వెళ్తే బ్యాంకు లాయరు, పోయిన ఆ తండ్రి వారసుల పేర్లుండే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అందులో మూడు పేర్లు. భాగాల దస్తావేజులో రెండే సంతకాలు. ఆయన మూడో పేరు కింద పెన్నుతో గీత గీసి "ఈమె సంతకం ఏదమ్మా?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. తండ్రి వీలునామా లేకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంటుందని, అది 1956 నుంచీ ఉన్న చట్టమేనని, పెళ్ళికి పెట్టిన బంగారంతో ఆ వాటా తీరిపోదని చెప్పారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. ఎవరు పోయారు, వారసులు ఎందరు అన్నది అందులో ఉండదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే చాలు.

ఆ చెల్లెలికి ఫోన్ చేశాం. "మా అన్నలు నన్ను ఒక్క మాటన్నా అడిగినారా?" అంది. ఆమెను తప్పుపట్టలేం.

లోను రాలేదు. మా ఇల్లు కొన్నాయన గడువు ప్రకారం రిజిస్ట్రేషన్‌కు పట్టుబట్టాడు. రెట్టింపు కట్టే శక్తి లేక సంతకం పెట్టేశాం. అటువైపు మేమిచ్చిన 6 లక్షల్లో 4 లక్షలు విడతలుగా వచ్చాయి. మిగతా రెండు అడిగితే "మీకు లోను రాకపోతే నాదా తప్పు?" అంటున్నాడు. కాగితాల్లో లోపం ఉండి బ్యాంకు లోను ఇవ్వకపోతే బయానా ఫలానా తేదీలోపు తిరిగివ్వాలని ఒక్క వాక్యం రాయించుకోలేదు. బయానా ఇవ్వకముందే సొంతంగా లాయరుకు చూపిస్తే కొన్ని వేలతో పోయేది.

రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి. ఏడున్నర శాతం, 62 లక్షలకు 4 లక్షల 65 వేలు. మేము దాన్ని లోనులో కలిపేసుకోవచ్చనుకున్నాం, కుదరదన్నారు.

మాలాగా అమ్మేసి మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఇల్లు అమ్మగా వచ్చిన లాభంపై పన్ను మినహాయింపు కావాలంటే అమ్మిన తేదీ నుంచి 2 ఏళ్ళలో ఇల్లు కొనాలి, కట్టుకుంటే 3 ఏళ్ళు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసే గడువులోపు కొనలేకపోతే ఆ డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి, మామూలు డిపాజిట్ చెల్లదు.

పోయిన వారం ఆ వీధి మీదుగా వెళ్ళాం. గేటుకు కొత్త రంగు వేశారు, అదే బ్రోకరు ఎవరో దంపతులకు ఇల్లు చూపిస్తున్నాడు. మా ఆయన బండి ఆపి వాళ్ళతో ఒక్క మాట చెప్పి వచ్చారు: "బళ్ళారిలో ఉన్న చెల్లెలి సంతకం అడగండి."