సా వేవ్‌కి పాలీబ్లెప్ చాలా, ఓవర్‌శాంప్లింగ్ కావాలా?

మాడ్యూళ్ళని కేబుళ్ళతో కలుపుకునే సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌కి మాడ్యూల్ రాసేటప్పుడు వచ్చే ప్రశ్న ఇది. సా వేవ్‌ని (రంపం పళ్ళలా మెల్లగా ఎక్కి ఒక్కసారిగా పడే అలని) ఫార్ములాలో ఉన్నట్టే కోడ్ చేసేస్తే మంద్ర స్థాయిలో పెద్దగా ఏమీ తెలియదు, పైకి పోయేకొద్దీ గొడవ మొదలవుతుంది. 48,000 హెర్ట్జ్ శాంపిల్ రేటులో (అంటే సెకనుకి అన్ని శాంపిల్స్) 5,000 హెర్ట్జ్ వాయించి చూడండి: ఆ రేటులో సగం, 24,000 దాటిన హార్మోనిక్స్ (స్వరానికి రెట్లుగా ఉండే పై ధ్వనులు) అన్నీ వెనక్కి మడతపడతాయి, 45,000 దగ్గర ఉండాల్సింది 3,000 దగ్గర తేలుతుంది, అంటే అసలు స్వరం కన్నా కింద! ఇక్కడ తిరుపతి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకునే మా ఫ్రెండ్ వినగానే "ఏంరా, ఈ అపస్వరం ఎక్కడిది?" అన్నాడు.

పాలీబ్లెప్ అనే పద్ధతి, వేవ్ ఒక్కసారిగా దూకే చోట అటొకటి ఇటొకటి శాంపిల్‌ని మాత్రమే చిన్న పాలినోమియల్‌తో సర్దుతుంది. ఏప్రిల్ ఎండకి అసలే ఫ్యాన్ హోరెత్తే నా పాత లాప్‌టాప్‌కి ఇది భారమే కాదు. కాకపోతే ఆ దూకే క్షణం రెండు శాంపిల్స్ మధ్య ఎన్నో వంతులో ఉందో తెలియాలి, హార్డ్ సింక్‌లో (వేవ్ పుట్టించే ఒక ఆసిలేటర్ ఇంకోదాన్ని మధ్యలోనే మళ్ళీ మొదటికి లాగడం) అయితే దూకే ఎత్తు కూడా లెక్కేయాలి. ట్రయాంగిల్ వేవ్‌కి దూకడమే లేదు, వాలు మారుతుందంతే, దానికి ఆ వాలు మలుపుని సర్దే పాలీబ్లాంప్.

ఓవర్‌శాంప్లింగ్‌ది మొరటు దారి: 8 రెట్ల వేగంతో నడిపి, పైదంతా ఫిల్టర్‌తో కోసి, మళ్ళీ రేటు తగ్గించడం. సా వేవ్ హార్మోనిక్స్ ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ రెట్టింపుకి) 6 డెసిబెల్సే తగ్గుతాయి కాబట్టి రేటు రెట్టింపు చేసినప్పుడల్లా మడతపడ్డ ధ్వనులు తగ్గేది సుమారు అంతే, సా వేవ్‌కి దండగ. కానీ వేవ్‌ఫోల్డర్ (అల కొనల్ని లోపలికి మడిచే మాడ్యూల్), డిస్టార్షన్‌లకి ఎవరు ఏ కేబుల్ తెచ్చి గుచ్చుతారో మనకేం తెలుసు? అక్కడ ఇదే నయం. లీనియర్ ఫేజ్ ఫిల్టర్ (అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకే ఆలస్యంతో పంపేది) మాత్రం వద్దు, అది తెచ్చే ఆలస్యానికి ఫీడ్‌బ్యాక్ ప్యాచ్‌లో (అవుట్‌పుట్‌ని తిరిగి ఇన్‌పుట్‌కి కలిపినప్పుడు) శ్రుతే మారిపోతుంది. నేనైతే ఆసిలేటర్‌కి పాలీబ్లెప్, ఫోల్డర్‌కి 4 రెట్లు పెట్టి, 8 రెట్లని రైట్ క్లిక్ మెనూలో వదిలేస్తాను.