ఇనుప కత్తిపీట: నెల వాడాక

పోయిన నెల సంతలో ఇనుప కత్తిపీట కొన్నాను, కింద చెక్కపీట, 450 రూపాయలు. దీని పేరులోనే పనంతా ఉంది, పీటకి బిగించిన కత్తి. చాకుతో అయితే కత్తి కదులుతుంది, ఇక్కడ కత్తి కదలదు, పీట మీద కాలు మోపి రెండు చేతులతో కాయనే కత్తికి ఎదురు తోస్తాం, అందుకే గుమ్మడికాయ లాంటి మొండి కాయ కూడా టెన్షన్ లేకుండా చీలుతుంది. మా అత్తగారిది అనంతపురం, ఆవిడ దీన్ని ఈలపీట అంటారు. పెళ్లయిన కొత్తలో నాకు అర్థమే కాలేదు, తర్వాత కన్నడంలో ఈళిగె మణె అంటారని విన్నాక లింకు దొరికింది, మణె అంటే పీటే కదా! తమిళంలోనూ అరివాళ్‌మణై, అరివాళ్ అంటే కొడవలి. ఎంత చక్కటి పేర్లో!

పదును చాలా బాగుంది, బెండకాయలు చకచకా తెగుతున్నాయి. కొనకున్న కోరాము మాత్రం నచ్చలేదు, పళ్లు మొద్దుగా ఉండి కొబ్బరి పొడిలా రాక ముక్కలుగా ఊడుతోంది. కొనేముందు కత్తిని అటూ ఇటూ ఊపి చూడండి, నాది వారానికే వదులైతే మేకు కొట్టించాల్సి వచ్చింది. కడిగిన వెంటనే తుడిచి కాస్త నూనె రాయండి, లేకపోతే తుప్పు పడుతుంది.