పోకర్ సెట్ బాగుంది, లోపల పెట్టిన ర్యాంకుల కార్డే కొట్లాట పెట్టింది

దసరాకి అక్కావాళ్లు వస్తున్నారని నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో పోకర్ సెట్ కొన్నాను, 650 రూపాయలు. రెండు జతల ప్లాస్టిక్ పత్తాలు, డబ్బా నిండా రంగు బిళ్లలు, ఏ పత్తాలు పడితే ఎవరు గెలుస్తారో చూపించే అట్టకార్డు ఒకటి. పత్తాలకు వంక పెట్టేది లేదు, మొదటి రోజే చాయ్ ఒలికింది, తుడిచేసి మళ్లీ పంచుకున్నాం. కొత్తలో కలిపేటప్పుడు కొంచెం జారుతాయి, అంతే. బిళ్లలు మాత్రం మరీ తేలిక, వాటికన్నా సోడా మూతలు నయం.

అసలు గొడవంతా ఆ కార్డుతోనే. మా ఇంట్లో అందరికీ రమ్మీ వచ్చు, తీన్‌పత్తా వచ్చు, పోకర్ మాత్రం ఎవరికీ రాదు. చేతిలో రెండు, కింద అందరికీ కలిపి ఐదు, ఈ ఏడింటిలో మంచి ఐదు తీసుకోవాలి, ఇంతవరకు తొందరగానే అర్థమైంది. నాలుగో ఆటలో కింద కళావర్ తొమ్మిది, కళావర్ పది, డైమన్ జాకీ, కళావర్ రెండు, ఆఠీన్ రాజు పడ్డాయి. బావ చేతిలో ఎనిమిది, రాణి. తొమ్మిది నుంచి రాజు దాకా వరుస కుదిరింది కాబట్టి మా బావ అప్పటికే బిళ్లలు దగ్గరికి లాక్కుంటున్నాడు. అక్క నిమ్మళంగా కళావర్ ఆసు, కళావర్ ఐదు కింద పెట్టింది. ఐదూ ఒకే గుర్తు, కళావర్లే, అంటే ఫ్లష్.

"తీన్‌పత్తాలల్ల సీక్వెన్సే పెద్దది గద, గిదేంది ఉల్టా?" అని బావ. కార్డు తీసి చూస్తే ఫ్లష్ పైన, స్ట్రెయిట్ (అంటే బావకు పడ్డ వరుస) కింద అనే ఉంది. కానీ స్ట్రెయిట్ పక్కన వేసిన బొమ్మలో ఐదు నుంచి తొమ్మిది దాకా అన్నీ ఆఠీన్లే! అది స్ట్రెయిట్ ఫ్లష్ అవుతుంది, పైనుంచి రెండోది. ఇక మా బావ ఊరుకుంటాడా, "బొమ్మల రంగు గూడ కలిసింది, వరుస గూడ కలిసింది, ఇది కింద ఎట్లుంటది?" అని పట్టుకున్నాడు. ఆ మనిషి అన్నదాంట్లో తప్పేమీ లేదు కూడా, తప్పు అచ్చు వేసినవాళ్లది.

మేనకోడలు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ప్రస్తారాలు సంయోగాలు ఈ ఏడాదే. క్యాలెండర్ కాగితం చింపి వెనకవైపు లెక్క వేసింది. 52 పత్తాల్లోంచి ఐదు తీస్తే 25,98,960 రకాలు. వాటిలో ఫ్లష్‌లు 5,108, స్ట్రెయిట్‌లు 10,200. స్ట్రెయిట్ ఇంచుమించు రెండింతలు దొరుకుతుంది కాబట్టి అది చిన్నది. అదే మూడు పత్తాలకు లెక్క వేస్తే సీక్వెన్స్‌లు 720, కలర్‌లు (మూడూ ఒకే గుర్తువి) 1,096, అక్కడ సీక్వెన్సే అరుదు. మన తీన్‌పత్తా తప్పు కాదు, పోకర్ కూడా తప్పు కాదన్నమాట. తీన్‌పత్తాలో అన్నిటికన్నా పెద్దదైన ట్రెయిల్ (మూడు రాజులు, మూడు పదులు లాంటివి), ఇక్కడ త్రీ ఆఫ్ ఎ కైండ్ అని పేరు మార్చుకుని ఫ్లష్, స్ట్రెయిట్ రెండింటి కిందికి ఎందుకు దిగిందో కూడా దీంతోనే తెలిసిపోయింది, ఐదు పత్తాల్లో అది 54,912 రకాలుగా పడుతుంది. ఆ కార్డు మీద ఈ లెక్క ఒక్క లైను వేసి ఉంటే సగం పంచాయితీ తప్పేది.

ఇంకా రాయనివి ఉన్నాయి. ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు కూడా స్ట్రెయిటే, ఆ మాటే లేదు. ఇద్దరికీ ఒకే జత పడితే మిగతా పత్తాల్లో పెద్దది చూడాలి, ఐదుకు ఐదూ సమానమైతే బిళ్లలు చెరి సగం, ఇస్పేట్ పెద్దదని వాదిస్తే చెల్లదు. ఇవన్నీ ఫోన్‌లో వెతుక్కున్నాం.

మేం ఆడింది బిళ్లలతోనే, ఓడినవాళ్లు చాయ్ పెట్టాలి. పైసలు పెట్టే ఆన్‌లైన్ ఆటలు మన తెలంగాణలో 2017లోనే బంద్ అయ్యాయి, అటు పోకండి.

ఐదుకు మూడు స్టార్లు ఇస్తాను, ఆ మూడూ పత్తాలకే. షాపాయన కార్డు మార్చి ఇవ్వనన్నాడు, సెట్ మొత్తం అలాగే వస్తుందట. చివరికి మేనకోడలే నల్ల స్కెచ్‌పెన్ తీసి, ఆ స్ట్రెయిట్ బొమ్మలో మధ్య పత్తా మీద ఆఠీన్‌ని ఇస్పేట్‌గా దిద్దింది. బావ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసి, అప్పుడు లేచి చాయ్ పెట్టాడు.