సాగర్, సోమశిల, జూరాల: సింగిల్ మాల్ట్ రుచి పట్టుకోవడానికి వెళ్లిన చలికాలపు యాత్ర

సంక్రాంతికి ముందు, చలి బాగా ముదిరిన రోజుల్లో నల్లగొండ నుంచి బయల్దేరి నాగార్జునసాగర్, సోమశిల, జూరాల మీదుగా పాలమూరు దాకా వెళ్లొచ్చాం. ఊళ్లు చూడటం ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు ఒక పని పెట్టుకున్నాం: సింగిల్ మాల్ట్ విస్కీని తొందరపడకుండా, రుచి తెలిసేలా తాగి చూడటం. నాకు ఆ ఇష్టం కొన్నేళ్లుగా ఉంది. మా బావకూ ఆయన దోస్తుకూ అది పూర్తిగా కొత్త. స్టీరింగ్ మా తమ్ముడిది. వాడు చుక్క ముట్టడు కాబట్టే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. అలాంటి మనిషి తోడు లేకపోతే గది చేరి బండి తాళాలు పక్కన పెట్టేదాకా మూత తీయకండి.

సీసాలు హైదరాబాద్‌లోనే కొనుక్కోవాలి. జిల్లాల్లోని వైన్స్‌లలో సింగిల్ మాల్ట్ దొరకడం అరుదు, దొరికినా ఒకటీ రెండు రకాలు. మేం మూడు పట్టుకెళ్లాం: స్కాట్లండ్ స్పేసైడ్ ప్రాంతపు గ్లెన్‌లివెట్ 12, బెంగళూరు వాళ్ల అమృత్ ఫ్యూజన్, ఐలా దీవి నుంచి వచ్చే లఫ్రోయిగ్ 10. మూడోది మా మేనల్లుడు వస్తూ వస్తూ ఎయిర్‌పోర్టు డ్యూటీఫ్రీలో తెచ్చింది. కొత్తవాళ్లకు ఈ మూడూ చాలు. ఒకటి మెత్తన, ఒకటి ఎండదేశపుది, ఒకటి పొగ వాసనది. ఒక్కో సీసా ఒక్కరే కొనాలంటే బరువే. నలుగురు దోస్తులు కలిసి కొంటే అందరికీ అన్నీ అందుతాయి.

నల్లగొండ నుంచి హాలియా దారిలో పొద్దున్నే తాటివనం పక్కన ఆగాం. కల్లు కుండ, అదే లొట్టి, అప్పుడే దించారు. బావ తాటాకు రేక పట్టి ఒక్క గుక్క తాగి, "ఇది పోద్దాటి కల్లు గాదు, పరుపుదాటిది" అన్నాడు. గీసినాయన నవ్వుతూ తలూపాడు. నాకు ఆ క్షణంలోనే ఈ యాత్ర మీద నమ్మకం కుదిరింది. కల్లు ఏ చెట్టుదో నాలుకతో చెప్పగలిగిన మనిషికి విస్కీలో తేడాలు పట్టుకోవడం కష్టం కాదు. ఇన్నాళ్లూ సోడా, ఐస్, మిర్చి బజ్జీల మధ్య ఆ అవకాశం రాలేదు, అంతే. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. కల్లు చెట్టు కిందే, దించిన మనిషి చేతి నుంచే తాగండి. మా దక్షిణ తెలంగాణలో మత్తుమందులు కలిపిన కల్లు ఎన్నో కుటుంబాలను ఆస్పత్రుల పాలు చేసింది. దుకాణంలో సీసాల్లో కనబడే తెల్లనీళ్లను నమ్మొద్దు.

బండిలో బావ అడిగిన మొదటి ప్రశ్న, "మనం రోజూ తాగేదానికీ దీనికీ ఏంది తేడా?" అని. మన దగ్గర చవకగా దొరికే చాలా విస్కీల్లో ప్రధాన భాగం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. సింగిల్ మాల్ట్‌లో ఆ స్పిరిట్ ఉండదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ఒక్కటే, అదీ ఒకే డిస్టిలరీలో తయారవ్వాలి. సింగిల్ అంటే ఒకే పీపా అనుకుంటారు చాలామంది. కాదు, ఒకే డిస్టిలరీలోని ఎన్నో పీపాలను కలుపుతారు. స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలి. సీసా మీద 12 అని ఉంటే అందులో అన్నిటికన్నా చిన్న విస్కీ వయసు 12 ఏళ్లు. రంగు చూసి వయసు చెప్పలేం, ఎందుకంటే స్కాచ్‌లో క్యారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది.

సాగర్‌లో హిల్ కాలనీ పక్క టూరిజం వాళ్ల విజయ్ విహార్‌లో దిగాం. రిజర్వాయర్ ఎదురుగా కనిపించే చోటు అది. ఆ నీళ్ల విశాలం కోసమైనా అక్కడ ఉండొచ్చు. పగలంతా తిరుగుడే. నెహ్రూ 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసిన డ్యామ్, దాని 26 గేట్లు, 2022లో తెరిచిన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం. 274 ఎకరాల బుద్ధవనానికి సగం పూట సరిపోదు, ఎండ ఎక్కకముందే వెళ్లండి. నాగార్జునకొండ లాంచీ నీటిమట్టాన్ని బట్టీ జనాన్ని బట్టీ నడుస్తుంది కాబట్టి పొద్దున్నే కనుక్కోండి. గదిలో మందు తీసుకోవచ్చా లేదా అనేది ఎక్కడ బుక్ చేసుకున్నా ఫోన్లోనే అడిగేయాలి. అడిగితే సూటిగానే చెబుతారు. ఒడ్డున, డ్యామ్ దగ్గర, పార్కుల్లో తాగడం మాత్రం తప్పు, చట్టప్రకారమూ మర్యాదప్రకారమూ.

ఇక సాయంత్రం. ఈ పద్ధతి నిదానంగా చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్లకు ఉపయోగపడేది ఇదే. భోజనానికి గంట ముందు కూర్చున్నాం. మంచింగ్ ఏదీ లేదు, ఉప్పులేని మరమరాలు తప్ప. ఏసీ ఆపేసి కిటికీ తెరిచాం. గ్లాసులు ఇంటి నుంచే తెచ్చుకున్నాం: అడుగున బొద్దుగా, పైన ఇరుకుగా ఉండే గ్లెన్‌కెయిర్న్ గ్లాసులు. అవి లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. హోటల్ వాళ్ల నిలువు గ్లాసులో వాసన నిలవదు. ఒక్కొక్కరికీ రెండు గ్లాసులు, ఒకదాంట్లో గ్లెన్‌లివెట్, ఇంకోదాంట్లో అమృత్ ఫ్యూజన్, ఒక్కోటి 15 మిల్లీలీటర్లు. ఒంటరి గ్లాసు ముందు పెట్టుకుని 'బాగుంది, బాగాలేదు' తప్ప కొత్తవాళ్లు ఏమీ చెప్పలేరు. రెండు పక్కపక్కన పెడితే ఒకదాని గుణం ఇంకోదాని పక్కన తేలుతుంది. నేను నేర్చుకున్నదాంట్లో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ముక్కు గ్లాసులో దూర్చకూడదు. గడ్డం దగ్గర పట్టి, నోరు కొద్దిగా తెరిచి, మెల్లగా పీల్చాలి. నోరు తెరిచి ఉంటే స్పిరిట్ ఘాటు ముక్కును కొట్టదు. బావ దోస్తు గ్లెన్‌లివెట్ వాసన చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బత్తాయి తొక్క అన్నా, లేత బత్తాయి" అన్నాడు. ఆయనది బత్తాయి తోటల ఊరు. పుస్తకాల్లో ఆ విస్కీకి ఆపిల్, పైనాపిల్ అని రాస్తారు. ఆపిల్ మీద పెరగని ముక్కుకు బత్తాయే తగులుతుంది, అది పూర్తిగా సరైన జవాబు. తెలిసిన వాసనతోనే మొదలుపెట్టాలి. చిన్న గుక్క తీసుకుని, నాలుక అంతటా తిప్పి, మింగాక గొంతులో మిగిలేది ఎంతసేపుంటుందో గమనించాలి.

అమృత్ మొదటి గుక్కకే బావ దగ్గాడు. 50 శాతం ఆల్కహాల్ అది. నీళ్లు కలపాల్సింది ఇలాంటిచోటే. నల్లగొండ వాళ్లకు నీళ్ల రుచి గురించి వేరే చెప్పక్కర్లేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల ఎముకలు వంచిన జిల్లా ఇది. 1970లలో నీరి (NEERI) అనే పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే విధానం తయారుచేస్తే ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తోంది. విస్కీలోనూ ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు పోస్తే చేసిన పనంతా పాడవుతుంది. చప్పటి ఫిల్టర్ నీళ్లు, చల్లబెట్టనివి, చెంచాతో కొద్దికొద్దిగా వేయాలి. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు కంప్యూటర్ లెక్కలతో దీనికి ఒక కారణం చూపించారు. పొగ వాసనకు సంబంధించిన గ్వాయకాల్ అనే పదార్థం, ఘాటు విస్కీలో లోపలే ఉండిపోతుంది. నీళ్లతో పలచబడితే పైకి చేరుతుంది, ముక్కుకు అందుతుంది. చెంచాడు నీళ్లు పడ్డాక అమృత్‌లో తాటిబెల్లం, కాస్త పొగ రెండూ బయటికొచ్చాయి. ఫ్యూజన్ అన్న పేరు మన దేశపు బార్లీతో పాటు స్కాట్లండ్ నుంచి తెచ్చిన, పీట్ అనే చిత్తడి నేల మట్టిని కాల్చి పొగ పట్టించిన బార్లీ కలిపినందుకు వచ్చింది.

బావకు అమృత్ కథ విస్కీకన్నా నచ్చింది. ఆ కంపెనీ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో మొదట విడుదల చేసింది స్కాట్లండ్‌లోని గ్లాస్గోలోనే. స్కాట్లండ్ చలిలో పీపాలోంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరవుతుంది. బెంగళూరులో 10 శాతం పైమాటే. అందుకే మన దగ్గర 12 ఏళ్లు, 18 ఏళ్లు అనే సీసాలు దాదాపు కనబడవు, అంతకాలం ఉంచితే పీపాలో మిగిలేది బాగా తగ్గిపోతుంది. ఎండ పీపాలోని గుణాన్ని తొందరగా విస్కీలోకి లాగుతుంది కూడా. వయసు అంకె లేదని మన సింగిల్ మాల్ట్‌ను తక్కువగా చూడటం నాకు అస్సలు నచ్చదు.

మర్నాడు దేవరకొండ, డిండి, అచ్చంపేట మీదుగా కొల్లాపూర్ దాటి సోమశిల. అచ్చంపేట దాటి మన్ననూరు వైపు అడవిలోకి వెళ్లాలనుకునేవాళ్లు సీసాలు బండిలో పెట్టుకుని వెళ్లొద్దు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. సోమశిలలో కృష్ణ ఒడ్డున టూరిజం హరిత కాటేజీలు ఉన్నాయి. నిశ్శబ్దం విషయంలో ఈ దారిలో నాకు ఇంతకన్నా మంచిచోటు దొరకలేదు. సాగర్‌లో సెలవురోజైతే వరండాల్లో పిల్లల గోల, బస్సుల హారన్లు తప్పవు, ఇక్కడ అవేమీ లేవు. ఊరిలో లలితా సోమేశ్వరాలయం ఉంది, భక్తులు వస్తుంటారు. గుడికి పొద్దున్నే వెళ్లాం, మా సాయంత్రపు పని గది దాటనివ్వలేదు. తిండి ఏం కావాలో ముందే చెప్పాలి, చీకటి పడ్డాక అడిగితే ఆ ఊళ్లో ఏమీ దొరకదు.

అక్కడ లఫ్రోయిగ్ తీశాం. ఇది మొదటి రాత్రే తీసుంటే ఇద్దరూ సింగిల్ మాల్ట్‌కు దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే బావ దోస్తు, "ఏందన్నా గిది, దవాఖాన వాసన గొడుతుంది!" అన్నాడు. నిజమే, అయోడిన్, కట్టు గుడ్డ వాసన. ఆ దీవిలో చిత్తడి నేలల్లో వేల ఏళ్లు మగ్గిన మొక్కల మట్టిని, అంటే పీట్‌ను, తవ్వి ఎండబెట్టి కాలుస్తారు. ఆ పొగ తడి బార్లీకి పడుతుంది. పీపాలో ఏళ్ల తరబడి ఉన్నా ఆ వాసన పోదు. గ్లాసు పక్కన పెట్టి పావుగంట ఆగమన్నాను. నీళ్లు పడ్డాక, గాలి తగిలాక, పొగ వెనక ఒక తీపి ఉంది. బావ దాన్ని పట్టుకున్నాడు, "కాల్చిన మక్కకంకి" అన్నాడు. దోస్తు మాత్రం మళ్లీ ముట్టలేదు. అది ఆయన హక్కు, బలవంతం చేయలేదు. పొగ నచ్చకపోవడం నాలుక లోపం కాదు, గ్లెన్‌లివెట్ లాంటివి జీవితాంతం తాగినా తక్కువేం లేదు.

జూరాల ప్రాజెక్టు దగ్గర చేపల కోసం ఆగాల్సిందే. అప్పటికప్పుడు శుభ్రం చేసి, మసాలా పట్టించి, నూనెలో వేయించి ఇస్తారు. ఆ కారం తిన్నాక రెండు గంటలు ఏ విస్కీ రుచీ తెలియదు, కాబట్టి ఆ పూట పూర్తిగా చేపకే ఇచ్చాం. మహబూబ్‌నగర్ పట్టణంలో రాత్రికి ఒక లాడ్జిలో దిగాం. పక్కబట్టలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, కానీ గదంతా ఫినాయిల్, దానిమీద రూమ్ ఫ్రెషనర్. కిటికీ తెరుచుకోదు. గ్లాసులో ఏం పోసినా ఫినాయిలే. గది మార్చమంటే రిసెప్షన్ కుర్రాడు "అన్నీ గట్లనే ఉంటయి సార్" అన్నాడు. సీసాలు మూసి పడుకున్నాం. పొద్దున పిల్లలమర్రి చూసుకుని తిరుగు ప్రయాణం.

నన్నడిగితే ఒక్కచోటికే టైమున్నవాళ్లు సోమశిలకే వెళ్లండి, వారాంతం తప్పించి. కుటుంబంతో వెళ్తే సాగర్ మేలు, పగలు చూడ్డానికి చాలా ఉంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకే పెట్టుకోండి. మా వైపు ఏప్రిల్, మేలలో గది వేడికి గ్లాసులోంచి ఆల్కహాల్ తప్ప ఇంకేమీ ముక్కుకు తెలియదు, ఏసీ పెంచితే వాసన ముడుచుకుంటుంది. ఒక సాయంత్రానికి రెండు రకాలకు మించొద్దు, మనిషికి మొత్తం కలిపి ఒక పెగ్గు దాటొద్దు, మూడో గ్లాసుకు నాలుక మొద్దుబారుతుంది. మిగిలిన సీసాలు బండిలో నిలువుగానే పెట్టండి, పడుకోబెడితే కార్కు పాడవుతుంది. సగం కన్నా తగ్గిన సీసాను నెలలోనో రెండు నెలల్లోనో దోస్తులతో ముగించండి. మా గ్లెన్‌లివెట్ ఉగాదికి బావ వాళ్లింట్లో అయిపోయింది, అమృత్ ఇంకా కొంచెం ఉంది.